అ పడింది

నవంబరు 20

చెల్లీ,

మీ వదిన ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళింది. ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు పక్కకు తోసేసి నీకు రాస్తున్నాను. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో మనిద్దరం మాట్లాడుకుంటే మూడో నిమిషానికి ఎవరో ఒకరం ఠక్కున పెట్టేస్తాం. కాగితమైతే ఆ వీలుండదు, పూర్తిగా చదవాల్సిందే.

మన పిచ్చుక దరఖాస్తు నిన్న పంపించేశాం. అవును, మీ కాలేజీకే. "అత్త ఉందని కాదు నాన్నా, నీళ్ళ ఇంజినీరింగు చెప్పేది అక్కడొక్కచోటే" అంది. అక్కడ సీటు రాకపోతే దానికి ఆ చదువే లేదు. అదీ సంగతి.

ఈ నీళ్ళ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో చెప్పానా? పోయిన వానాకాలం వాళ్ళ క్లాసు పైకప్పు కారింది. అందరూ బెంచీలు జరుపుకుని కూర్చున్నారు. ఇది మాత్రం బకెట్టుకి లోపల గీతలు గీసి, ఇరవై మూడు రోజులు, రోజూ ఎంత కారిందో రాసి, ఆ పట్టిక తీసుకెళ్ళి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. ఆయన కప్పు బాగుచేసే మనుషుల్ని పిలిపించేదాకా రోజూ పొద్దున్నే ఆయన గదికి వెళ్ళి కొత్త అంకె చెప్పి వచ్చేది. చివరికి పాపం ఆయన వరండాలో నన్ను చూసినా దారి మార్చేవాడు.

కాలేజీ వాళ్ళడిగిన వ్యాసంలో ఈ బకెట్టు గొడవంతా రాసి పెట్టింది. నేను కొట్టేయించాను. మన స్కూలు పరువు తీసుకెళ్ళి పరాయివాళ్ళ ముందు పెట్టడమేమిటి? గొప్పలు చెప్పుకున్నట్టు కూడా ఉంటుంది. బదులుగా 'చదువు విలువ' మీద రాయించాను. ఒక్క తప్పు లేకుండా రాసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదనుకో, అది వేరే సంగతి.

నిన్ను సిఫార్సు చెయ్యమని నేను అడగను. అడిగానని రేపు నువ్వు అనకూడదు కూడా. ఊరికే చెబుతున్నానంతే.

మీ అన్నయ్య

డిసెంబరు 4

అన్నయ్యా,

దరఖాస్తు అందింది. రసీదు మీకెలాగూ వస్తుంది కాబట్టి ఆ మాట చెప్పే హక్కు నాకుంది. మిగతాది లేదు.

అడగను అంటూ అడిగే విద్య నీకు చిన్నప్పట్నుంచీ ఉంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను. బంధువులెవరైనా దరఖాస్తు పెడితే మేం పేరు రాసి సంతకం పెట్టివ్వాలి. నేను ఇచ్చేశాను. ఆ ఫైలు నా బల్ల మీదకు రాదు. కమిటీ ముందుకు అది వచ్చినప్పుడు నేను లేచి బయటికి వెళ్ళాలి. తలుపు పక్కన, మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఒక బెంచీ ఉంది. అయిపోయాక పిలుస్తారు. పోయిన ఏడు మా పక్క సీటాయన తమ్ముడి కొడుకు కోసం అక్కడ కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు.

పని తెగడం లేదు. ఫైళ్ళు నీలం డబ్బాల్లో వస్తాయి. ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. మార్కులు, వ్యాసం, టీచరు ఉత్తరం చూసి, ఐదుకి ఒక అంకె వేసి, కింద రెండు లైన్లు రాయాలి. ఇంకొకరు మళ్ళీ చదివి ఇంకో అంకె వేస్తారు. కమిటీలో ఎవరూ ఫైలు విప్పరు అన్నయ్యా. ఆ రెండు లైన్లు పైకి చదువుతారు, చేతులెత్తుతారు. పదిహేడేళ్ళ బతుకు రెండు లైన్లు. సాయంత్రానికి నా కళ్ళ ముందు అక్షరాలు ఈదుతుంటాయి.

బకెట్టు సంగతి నాకు చాలా నచ్చింది. ఎంత నచ్చిందో రాసే అధికారం నాకు లేదు. పంపిన కాగితాలు మార్చుకునే గడువు నెలాఖరు దాకా ఉంది. ఇది నోటీసులోనే ఉంటుంది, నేను కొత్తగా చెప్పేదేమీ కాదు.

వదిన మోకాలు ఎలా ఉంది?

చెల్లి

డిసెంబరు 15

చెల్లీ,

మోకాలు బాగానే ఉంది, మనిషే బాగాలేదు. నీ ఉత్తరం చదివి, "ఆడపడుచు కదా, ఒక్క మాట వెయ్యలేదా?" అని పొద్దున్నుంచీ సణుగుతోంది. నేను నీ తరఫునే మాట్లాడాను. కానీ మరీ సంతకం పెట్టిచ్చేదాకా ఎందుకమ్మా? నీకూ నాకూ ఇంటిపేరు ఒకటి కాకుండా పోయి పదిహేనేళ్ళయింది, ఎవరికి తెలిసేది?

పోనీలే. బకెట్టు నచ్చినందుకు సంతోషం, దానికి చెప్పాను. గడువు సంగతి గుర్తు చేశావు, మేం నెల ముందే పంపించాం, ఆఖరి నిమిషం దాకా నాన్చే రకం కాదు మీ అన్నయ్య.

నువ్వు లేకపోయినా నాకు బెంగ లేదులే, మా దగ్గర ఇంకో ఆయుధం ఉంది. కన్నతండ్రిని కాబట్టి టీచరు ఉత్తరం నేను రాయకూడదన్నారు. మా సైన్సు టీచరు రాసింది. గుర్తుందా, నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు మా స్కూల్లోనే చేస్తోంది. పంపేముందు నాకు చూపించింది. 'అణకువ గల పిల్ల. కష్టపడే తత్వం. పెద్దల మాట జవదాటదు.' చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. అచ్చం నేను రాసినట్టే ఉంది!

నేను రాసినట్టే ఎందుకుందో తెలుసా? పదకొండేళ్ళ కింద ఆ అమ్మాయి మీ కాలేజీకి పెట్టుకుంటే నేను రాసిచ్చింది ఇదే. అణకువ అన్న మాట నేను అందరికీ పారెయ్యను. ఇన్నేళ్ళ సర్వీసులో నలుగురికే రాశాను. నలుగురూ ఆణిముత్యాలు. మీ కాలేజీలో నలుగురికీ సీటు రాలేదు, అది వేరే సంగతి. పోటీ అలాంటిది, ఏం చేస్తాం.

పిచ్చుక ఐదోది అవుతుంది. దానికి వచ్చి తీరుతుంది.

మీ అన్నయ్య

ఫిబ్రవరి 10

అన్నయ్యా,

రాయకూడదు. అయినా రాస్తున్నాను, మీరు ఏప్రిల్ దాకా ఊరికే గుమ్మం వైపు చూస్తూ కూర్చోకూడదని. ఇవాళ నన్ను బెంచీ మీదకు పంపారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. లోపలికి వచ్చేసరికి బోర్డు మీద నంబరు పక్కన రాసి ఉంది.

అ పడింది.

దానికి నువ్వే నెమ్మదిగా చెప్పు. ఒక్కసారిగా చెప్పకు. ఈ చీటీ చింపెయ్.

చెల్లి

ఫిబ్రవరి 17

నా బంగారు చెల్లీ!

చింపెయ్యమన్నావు, చింపలేదు. క్షమించు. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అ పడిందట! నాలుగు నిమిషాల్లో తేల్చేశారట! పదకొండేళ్ళుగా నలుగురు పిల్లల్ని కాదన్న కాలేజీ నా కూతురికి మొదటి అక్షరం వేసింది.

నెమ్మదిగా చెప్పమన్నావు. మంచి సలహా. గబుక్కున చెబితే ఆ పిల్లకి కళ్ళు తిరిగేవేమో. ముందు కూర్చోబెట్టాను, మంచినీళ్ళిచ్చాను, అప్పుడు చెప్పాను. తర్వాత మేడ మీదకు వెళ్ళి ట్యాంకు పక్కన నిలబడి ఒక్కతే నవ్వుకుంటోంది. మీ వదిన మాత్రం ఎప్పట్లాగే, "అ అంటే ఏంటో అడగండి ముందు" అంది. "అ తర్వాత ఆ, ఆ తర్వాత ఇ. ఇందులో అడగడానికేముంది?" అన్నాను.

స్టాఫ్ రూములో చెప్పాను. చెప్పకూడదని తెలుసు, ఆగలేకపోయాను. సైన్సు టీచరు చేతిలో సుద్దముక్క కింద పడేసుకుంది. "నా ఉత్తరం పనికొచ్చిందా సార్?" అని రెండుసార్లు అడిగింది. పనికొచ్చిందమ్మా, నీ చేతి చలవే అన్నాను.

ఇక్కడి కాలేజీలో మామూలు ఇంజినీరింగుకి కూడా ఒక దరఖాస్తు తెచ్చి పెట్టుకున్నాం, ఎందుకైనా మంచిదని. ఇరవయ్యో తారీఖు ఆఖరు. ఇంక అదెందుకు? రెండు ముక్కలు చేసి బుట్టలో పడేశాను.

నిన్ను అనుమానించినందుకు లెంపలు వేసుకుంటున్నాను. కాళ్ళు నేల మీద ఆనడం లేదు చెల్లీ.

మీ అన్నయ్య

ఫిబ్రవరి 24

అన్నయ్యా,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. ఇరవై దాటిపోయిందని తెలిసి కూడా ఇవాళ పొద్దున మీ ఊరి కాలేజీకి ఫోను చేశాను. తీసుకోం అన్నారు.

అ అంటే మొదటి అక్షరం కాదు. అ అంటే అణకువ.

మా ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న గుర్తు అది. నేను చేరిన మొదటి వారంలోనే నేర్పారు. టీచరుకి ఆ పిల్ల గురించి చెప్పడానికి ఏమీ దొరకనప్పుడు అణకువ అని రాస్తారు, అని. నోట్లో నాలుక లేదు, సొంతంగా ఒక ఆలోచన లేదు, చెప్పింది చేస్తుంది, అని మేం అర్థం చేసుకుంటాం. బోర్డు మీద, ఫైలు అంచు మీద 'అ' వేసి అడుగు కట్టలో పెడతాం. ఆ కట్ట దాదాపు ఎప్పుడూ పైకి రాదు.

నీకు తెలుసనుకున్నాను. నాలుగేళ్ళ కింద మీ ఇంటికి వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పాను. నువ్వు పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టావు. విన్నావనుకున్నాను. ఆ తర్వాత కూడా అదే మాట రాశావంటే ఏదో పట్టుదలలే అనుకున్నాను. డిసెంబరులో నువ్వు ఆ ఉత్తరం గురించి మురిసిపోతూ రాసినప్పుడు జవాబు రాయడానికి కాగితం తీశాను. ఏదన్నా రాస్తే రూలు తప్పినట్టని నోరు కట్టేసుకున్నాను. తప్పాలనుకుని తప్పిన ఒక్కసారీ ఇలా తప్పాను.

పిచ్చుకకి ఏం చెబుతావో, ఎలా చెబుతావో. నన్ను తిట్టుకోమను.

చెల్లి

మార్చి 1

చెల్లెమ్మకి,

చెప్పాను. ఈసారి మంచినీళ్ళివ్వడం మర్చిపోయాను.

అది ఏడవలేదు. "అణకువా? నాకా?" అంది. మీ వదిన గట్టిగా నవ్వేసింది. "హెడ్మాస్టరుని నెల రోజులు పీక్కుతిన్న పిల్లకి అణకువట" అంటూ నవ్వుతూనే కొంగుతో మొహం కప్పుకుని లోపలికి పోయింది. తర్వాత చాలాసేపు బయటికి రాలేదు.

అణకువ అంటే ఏమిటో నేను చెబుతాను విను, నీకు పన్నెండు నిమిషాలుంటే. సైన్సు టీచరు పదో తరగతిలో ఉన్నప్పుడు నేను బోర్డు మీద ఒక రుజువు తప్పు చేశాను. క్లాసులో ఎవరూ కనిపెట్టలేదు. ఆ పిల్ల చెయ్యెత్తలేదు. గంట కొట్టాక, నేను మెట్లు దిగి ఒంటరిగా అయ్యేదాకా ఆగి, వెనకాలే వచ్చి, "సార్, మూడో వరస ఒకసారి చూస్తారా" అంది. చూశాను. తప్పే. పైగా తను వేరే దారిలో సగం కాగితంలో తేల్చేసింది, నాకు ఆ దారి తట్టనే లేదు. మర్నాడు నేనే క్లాసులో దిద్దుకున్నాను. ఆ పిల్ల తలొంచుకుని రాసుకుంది, నా వైపు చూడను కూడా చూడలేదు. దానికి నేను పెట్టిన పేరు అణకువ. ఇదంతా రాస్తే గొప్పలు చెప్పినట్టుంటుందని ఆ ఒక్క మాటలో పెట్టాను. ఆ మాట చదివితే అర్థమైపోతుంది అనుకున్నాను.

ఇప్పుడు నేను అడిగేదానికి జవాబివ్వు. రూల్సు సంగతి నా దగ్గర ఎత్తకు. ఆ నలుగురి ఫైళ్ళు చదివింది ఎవరు?

అన్నయ్య

మార్చి 12

అన్నయ్యా,

నలుగురిలో ముగ్గురివి నా బల్ల మీదకే వచ్చాయి. సైన్సు టీచరుది మొదటిది. అది నా మొదటి ఏడు.

సంతకం చూడకముందే నీ చేతిరాత గుర్తుపట్టాను. తలకట్లు మరీ పొడుగ్గా పెడతావు. బంధువు దరఖాస్తు పెడితే లేచి వెళ్ళాలని రూలుంది కానీ, బంధువు ఉత్తరం రాస్తే ఏం చెయ్యాలో రూలు లేదు. ఎవరినైనా అడిగి ఉండాల్సింది. అడగలేదు. కొత్త ఉద్యోగం, భయం. అందుకని నేనే ఒక రూలు పెట్టుకున్నాను. మా అన్నయ్య రాశాడు కదా అని తెలియకుండానే ఎక్కువ వేస్తానేమోనని, నాకు తోచిన అంకెలోంచి ఒకటి తగ్గించేదాన్ని. ముగ్గురికీ తగ్గించాను. నిజాయితీగా ఉన్నాననుకుని ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

ఆ అమ్మాయికి నేను రాసిన రెండు లైన్లు నాకు గుర్తున్నాయి. 'మార్కులు బాగున్నాయి. మనిషి కనిపించలేదు.' ఐదుకి నాలుగు వెయ్యాలనిపించింది, మూడు వేశాను. ఆ ఏడు నాలుగు వచ్చినవాళ్ళని కమిటీ ముందు పెట్టారు.

ఈ పాటికి ఆ ఫైలు లేదు. ఐదేళ్ళు దాటినవి ముక్కలు చేసేస్తారు. వెళ్ళి అడిగి చూశాను కూడా.

చీటీ రాసిన సంగతి మా ఆఫీసు పెద్దావిడకి నేనే చెప్పేశాను. చదివే పని తీసేసి కిటికీ దగ్గర రసీదులు రాసే పని ఇచ్చారు. బాధగా లేదు. ఇప్పుడు ఎవరి గురించీ రెండు లైన్లు రాయక్కర్లేదు. పోతూ పోతూ ఆ 'అ' గుర్తు తీసేద్దామని అడిగాను. వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

ఏడుస్తూ రాశాను, చేతిరాత బాగాలేదు, ఏమనుకోకు.

చెల్లి

ఏప్రిల్ 6

చెల్లీ,

మీ కాలేజీ కవరు ఒకటో తారీఖున వచ్చింది. పల్చటి కవరు. పిచ్చుకే విప్పి చదివి, మడిచి, లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. ఆ రాత్రి అన్నం తింది. మీ వదినా నేనే తినలేదు.

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. కోపం పోయిందని రాయను, పోలేదు. నీ మీద కొంత, నా మీద ఎక్కువ. ఒకే ఉత్తరం మీ దగ్గరికి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వెనక్కే పోయింది. మొదటిసారి నువ్వు లోపలున్నావు, రెండోసారి బెంచీ మీదున్నావు. ఆ బకెట్టు కొట్టేయించింది నేను, ఆ దరఖాస్తు చింపింది నేను. ఎవరిని తిట్టేది?

మొన్న సాయంత్రం స్కూలు వదిలాక సైన్సు టీచరుతో నిజం చెప్పేద్దామని ల్యాబుకి వెళ్ళాను. గాజు గొట్టాలు కడిగి స్టాండులో బోర్లిస్తోంది. పిచ్చుకకి రాలేదని అప్పటికే తెలుసు, మొహం పీక్కుపోయి ఉంది. "అమ్మా, పదకొండేళ్ళ కింద నీకు నేను రాసిన ఉత్తరం..." అని మొదలుపెట్టాను. వెంటనే చెయ్యి తుడుచుకుని సొరుగు లాగి, ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూపించింది. నేను ఆ రోజు తనకిచ్చిన నకలు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక కాగితం అంటించుకుంది.

"సీటు రాలేదన్న రోజు ఇది ఎన్నిసార్లు చదువుకున్నానో సార్. వాళ్ళకి నేను అక్కర్లేకపోతే పోయింది, సార్ నన్ను ఇలా అనుకున్నారు కదా అనుకున్నాను. అందుకే టీచరునయ్యాను. పిచ్చుకకి రాయడానికి కూర్చున్నప్పుడు ఇదే ముందు పెట్టుకున్నాను. ఇంతకంటే మంచి మాట నాకు తెలీదు సార్" అంది.

మంచినీళ్ళున్నాయా అని అడిగి, తాగి, వచ్చేశాను.

ఇంటికొచ్చి పిచ్చుకకి చెప్పాను. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకుంటానంటోంది. ఈలోగా ఖాళీగా ఉండకుండా ఊరి పంపుహౌసులో చేరింది. గంట గంటకీ ట్యాంకులో నీటి మట్టం చూసి రాసే పని. బూట్లు తడుపుకుని వస్తోంది. వచ్చే ఏడు ఉత్తరం మళ్ళీ సైన్సు టీచరే రాయాలి కదా, ఆ మాట వద్దని ఆమెకి చెప్పాలి కదా, అలా చెప్పాలంటే ఎందుకో చెప్పాలి కదా అని నేను నానా గింజులాట పడుతున్నాను. అది బూట్లు విప్పుకుంటూ అంతా విని, "టీచరుకి ఏమీ చెప్పొద్దు నాన్నా" అంది.

"మరి నీ సీటో?" అన్నాను.

"పంపుహౌసు సూపర్వైజరు గారిని రాయమంటాను. టీచరు అడిగితే, కొత్త రూలు, ఈసారి పని చేసిన చోటునుంచే కావాలన్నారని చెబుతాను. ఆ కాగితం ఆవిడ దగ్గర అలాగే ఉండనీ."

ఆ సూపర్వైజరు ఎవరనుకున్నావు, మోటారుకి నూనె వెయ్యడం తప్ప కాగితం ముట్టుకోని మనిషి. ఆయన ఏం రాస్తాడో, రాసినా మీ వాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకుంటారో లేదో తెలియదు. టీచరు ఉత్తరం ముందు అది తేలిపోతుందని పిల్లకీ తెలుసు. తెలిసే అంది.

ఆ రోజు మెట్ల కింద, ఎవరూ లేకుండా చూసి, "మూడో వరస ఒకసారి చూస్తారా" అన్న పిల్లే ఎదురుగా నిలబడినట్టుంది. నోటిదాకా ఒక మాట వచ్చింది. బయటికి అనలేదు. ఆ మాట ఇంక నేనెవరి గురించీ రాయలేను.

తడి బూట్లు ఎండలో పెట్టి వచ్చాను. ఇక ఉంటాను.

మీ అన్నయ్య